మా డాబా మీదుగా వెళ్లే విమానం: జయపురంలో నా అనుభవం

మాది ఒడిశాలో కోరాపుట్ జిల్లా జయపురం. రాజస్థాన్ జైపూర్ కాదు, సాలూరు ఘాట్ ఎక్కితే వచ్చే జయపురం. నా పుట్టిల్లు బొబ్బిలి. పెళ్లయి ఇక్కడికొచ్చి 19 ఏళ్లు. మా వీధిలో సగం ఇళ్లు తెలుగువాళ్లవే. పార్వతీపురం, సాలూరు వైపు నుంచి తాతల కాలంలో వ్యాపారానికొచ్చి ఉండిపోయినవాళ్లు. నేను ఇంట్లోనే తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు చెప్తాను.

2022 అక్టోబర్ 31న, చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్రం ఉడాన్ పథకం కింద భువనేశ్వర్ నుంచి మా ఊరికి తొమ్మిది సీట్ల చిన్న విమానం మొదలైంది. తర్వాత విశాఖకూ నడిచింది. భువనేశ్వర్ వెళ్లాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవలసిన ఊరు మాది. అందుకే అది వచ్చిన కొత్తలో వీధి వీధంతా డాబాలెక్కింది. అది దిగేటప్పుడు సరిగ్గా మా వరుస ఇళ్ల మీదుగానే పోతుంది. ట్యూషన్ పిల్లలు పుస్తకాలు వదిలేసి చేతులు ఊపేవారు. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు కనబడేంత దగ్గర. మా అత్తయ్యగారు డాబా మీద వడియాలు పెడుతూ తలెత్తి దణ్ణం పెట్టుకునేవారు.

2025 జూన్ 12తో అదంతా మారిపోయింది. అహ్మదాబాద్‌లో టేకాఫ్ అయిన విమానం మెడికల్ కాలేజీ హాస్టల్ మీద పడింది. విమానంలో ఉన్న 242 మందిలో 241 మంది పోయారు, కింద ఉన్నవాళ్లు మరో 19 మంది. భోజనానికి కూర్చున్న పిల్లల మీద విమానం కూలడం ఏమిటని ఆ రాత్రి మా వీధిలో ఎవరూ సరిగ్గా తినలేదు. రెండు రోజుల్లో రజ, ఒడిశాలో ఊయలలు ఊగే పండగ. ఊయలలు కట్టారు గానీ, విమానం చప్పుడు వినబడగానే తల్లులు పరిగెత్తుకొచ్చి పిల్లల్ని ఊయల మీంచి దింపేశారు.

నాకు ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 2010 మార్చి 3న బేగంపేట విమాన ప్రదర్శనలో నేవీ విమానం బోయినపల్లిలో ఇళ్ల మధ్య కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. మా పెద్దక్క అప్పుడు బోయినపల్లిలోనే ఉండేది. ఆ గంటలో దాని ఫోన్ కలవలేదు. నలభై నిమిషాలు మా అమ్మ గుమ్మంలో కూర్చుని ఏడవడం నేను చూశాను. అక్క ఇల్లు అక్కడికి దూరమే, దానికేమీ కాలేదు. అయినా తక్కువ ఎత్తులో విమానం చప్పుడు వింటే ఆ నలభై నిమిషాలే నాకు గుర్తొస్తాయి.

రజ అయిన వారానికి వీధిలో కూర్చుని అర్జీ రాశాం. "నివాస ప్రాంతం మీదుగా విమానాలు తక్కువ ఎత్తులో తిరగకుండా చర్య తీసుకోవాలి." నాకు ఒడియా మాట్లాడటం వచ్చుగానీ రాయడం తప్పుల్లేకుండా రాదు. ఒక ట్యూషన్ పిల్ల వాళ్ల నాన్నగారు ఒడియాలో రాసిపెట్టారు, నేను ఇంగ్లీషులో ఇంకో ప్రతి రాశాను. 46 సంతకాలు. నేనూ, ఎదురింటి పిన్నిగారూ, ఇంకో ఇద్దరూ కలిసి ఒక ఆఫీసుకు వెళ్లాం. రెండోసారి వెళ్లినప్పుడు అక్కడి అధికారి కాగితం మొత్తం చదివి ఒకే ప్రశ్న అడిగారు. "ఎంత ఎత్తులో వెళ్తోంది, అమ్మా?"

"చాలా తక్కువ సార్" అన్నాను.

"చాలా తక్కువంటే ఎంత? ఎన్ని అడుగులు? ఇందులో రాయలేదే?"

ఆయన విసుగ్గా అడగలేదు. కాగితం పైకి పంపితే అక్కడ అడిగే మొదటి ప్రశ్న అదేనని చెప్పారు. విమానాల భద్రత రాష్ట్రం చేతిలో ఉండదని, ఢిల్లీలోని పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) చూస్తుందని కూడా అప్పుడే తెలిసింది. తిరిగొస్తూ పిన్నిగారు "ఎత్తెలా కొలుస్తామే అమ్మాయ్, టేపు పెట్టి కొలుస్తామా" అన్నారు. నేను లెక్కలు చెప్పేదాన్ని. ఆ మాట రాత్రంతా నన్ను వదల్లేదు.

ముందు విశాఖలో ఇంజనీరింగ్ చదివే మా మరిది కొడుకు విమానాల్ని చూపించే యాప్ ఫోన్‌లో పెట్టిచ్చాడు. అందులో మా విమానం మా ఇంటి దగ్గర 2,400 అడుగుల ఎత్తులో ఉన్నట్టు చూపించింది. అంత ఎత్తులో ఉంటే మనకెందుకీ భయం అని అందరం తెల్లబోయాం. రెండు రోజులకు వాడే ఫోన్ చేశాడు. "పెద్దమ్మా, అది సముద్రమట్టం నుంచి లెక్క. నేల నుంచి కాదు." మా ఊరే సముద్రమట్టానికి దాదాపు 2,000 అడుగుల ఎత్తున ఉంది. అంటే మిగిలింది 400 అడుగులు. పైగా ఆ యాప్ గాలి పీడనాన్ని బట్టి వచ్చే ఎత్తు చూపిస్తుంది కాబట్టి రోజు రోజుకూ వంద, రెండు వందల అడుగుల తేడా రావచ్చు. కొన్ని రోజులు అసలు మా విమానం అందులో కనబడేదే కాదు. దాన్ని నమ్ముకుని అర్జీ రాయలేం.

అప్పుడు పదో తరగతి సరూప త్రిభుజాలు పట్టుకున్నాం. ఈ భాగం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఎవరైనా చేసుకోవచ్చు.

మా ఊరికొచ్చేది సెస్నా గ్రాండ్ క్యారవాన్. రెక్కల కొస నుంచి కొసకు 15.87 మీటర్లు. ఈ కొలత మారదు. పిల్లలు రెండు మీటర్ల వెదురు కర్ర తెచ్చారు. వీధిలో టేపుతో 15 మీటర్లు కొలిచి, కర్రను అడ్డంగా పట్టుకుని నిలబెట్టాం. ఫోన్‌లో జూమ్ లేకుండా వీడియో తీసి, ఆపి, తెర మీద ప్లాస్టిక్ స్కేలుతో కొలిచాం. కర్ర 16 మిల్లీమీటర్లు వచ్చింది. ఇక అదే ఫోన్‌తో, అదే పద్ధతిలో డాబా మీద పడుకుని విమానం నెత్తిమీదికి వచ్చినప్పుడు వీడియో తీయాలి. గంటకు 150 కిలోమీటర్ల పైన వేగంతో పోయేదాన్ని ఒక్క క్షణంలో పట్టుకోవాలి. నాలుగు సార్లు తప్పిపోయింది. వాన మబ్బు దిగిన రోజున విమానమే రాలేదు. గాలి దిశ మారితే అవతలి వైపు నుంచి దిగేది, ఎందుకంటే విమానం గాలికి ఎదురుగా దిగుతుంది. ఆ వారమంతా మా వీధి మీదికి రాలేదు.

చివరకు మూడు వీడియోలు దొరికాయి. రెక్కలు ఒక రోజు 17 మిల్లీమీటర్లు, ఒక రోజు 16, ఒక రోజు 18. తెర మీద రెండూ ఒకే పొడుగు కనబడితే, అసలు పొడుగు ఎన్ని రెట్లు ఎక్కువో దూరమూ అన్ని రెట్లు ఎక్కువ. అందుకే కర్రంత పొడుగు, అంటే 16 వచ్చిన రోజున దూరం 15.87 ఇంటూ 15 బై 2, అంటే 119 మీటర్లు. 17 వచ్చిన రోజున 112. 18 వచ్చిన రోజున 106. మా డాబా ఏడు మీటర్ల ఎత్తు, అది కలపాలి. సగటున నేల నుంచి 119 మీటర్లు. సుమారు 390 అడుగులు.

పిల్లలు ఆ అంకెను బోర్డు మీద రాసి చుట్టూ గళ్లు గీశారు. పరీక్షలో వచ్చే లెక్క కాకుండా మన నెత్తిమీద ఎగిరేదాని లెక్క చేయడం వాళ్లకు మొదటిసారి. నాకూ అంతే.

అంకె చేతిలోకి వచ్చాక నియమం వెతికాం. కళ్లతో చూసుకుంటూ నడిపే విమానం పట్టణాలు, జనావాసాల మీద ఎగిరేటప్పుడు చుట్టూ 600 మీటర్ల వ్యాసార్ధంలో అన్నిటికంటే ఎత్తైన కట్టడం కన్నా కనీసం 300 మీటర్లు, అంటే 1,000 అడుగులు పైన ఉండాలి. ఊళ్లు లేనిచోట నేల నుంచి 150 మీటర్లు. మాది 119. దొరికింది అనుకున్నాం. ఆ రోజు వీధిలో స్వీట్లు పంచలేదుగానీ అంత పని జరిగింది. రెండో అర్జీ రాసి, ఆన్‌లైన్‌లో కూడా ఫిర్యాదు పెట్టాను. నిబంధనల ప్రకారమే నడుస్తోందని ఒక్క వాక్యంతో దాన్ని మూసేశారు. చాలా కోపం వచ్చింది. ఇంత కొలిచి రాస్తే ఒక్క వాక్యమా?

కోపం దిగాక నియమం మళ్లీ చదివాను. మొదటి మాటలే నేను దాటేశాను. "టేకాఫ్‌కు గానీ ల్యాండింగ్‌కు గానీ అవసరమైనప్పుడు తప్ప." మరి దిగే విమానం ఎంత ఎత్తులో ఉండాలి? సాధారణంగా విమానాలు మూడు డిగ్రీల వాలులో దిగుతాయి. రన్‌వే అంచు దాటేటప్పుడు 50 అడుగుల ఎత్తు, అంటే 15 మీటర్లు ఉండాలి. మ్యాప్‌లో కొలిస్తే రన్‌వే అంచు మా ఇంటికి రెండు కిలోమీటర్లు. 2,000 మీటర్లకు మూడు డిగ్రీల వాలులో 105 మీటర్లు, దానికి 15 కలిపితే 120. మేం కొలిచింది 119.

ఆ లెక్క చేశాక చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. పైలట్ ఉండవలసిన చోటే ఉన్నాడు. అది ఇంకా ఎత్తులో వస్తే చివర్లో నిటారుగా దిగాలి, అదే ఎక్కువ ప్రమాదం. 46 మంది చేత సంతకాలు పెట్టించింది నేను. ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. కొందరు ఊపిరి పీల్చుకున్నారు. ఎదురింటి పిన్నిగారు మాత్రం "నియమం ప్రకారం వచ్చినా పడేది మన మీదేగా" అన్నారు. ఆ మాట తప్పు కాదు. ఒకే ఇంజన్ ఉన్న విమానం అది. ఆ భయం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. లెక్క సరిపోయినంత మాత్రాన అడగడం మానేయకూడదని అందుకే అనుకున్నాను, కాకపోతే సరైన ప్రశ్న అడగాలి.

సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాను. ఎవరైనా పెట్టాలనుకుంటే ఒక మాట. "ఎందుకు" అని అడగకండి. కాగితం మీద ఉన్నదే ఇస్తారు, అభిప్రాయాలు ఇవ్వరు. నేను మొదట రాసిన ఆరు ప్రశ్నల్లో నాలుగు "ఎందుకు"తో మొదలయ్యాయి. మరిది కొడుకు వాటిని కొట్టేసి "ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు ఉన్న తనిఖీల ప్రతి", "పక్షులు ఢీకొట్టిన సంఘటనల నమోదు ప్రతి" అని మార్చాడు. తప్పు ఆఫీసుకు పెట్టినా ఐదు రోజుల్లో వాళ్లే సరైనచోటికి పంపాలని చట్టంలో ఉంది. జవాబుకు గడువు 30 రోజులు. దాదాపు చివరి రోజుల్లో కొన్ని కాగితాలు వచ్చాయి.

ఒక ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. అప్పుడప్పుడూ చీకటి పడ్డాక హెలికాప్టర్లు డాబాలకు చాలా దగ్గరగా పోతుంటాయి, కిటికీలు గడగడమంటాయి. అవి ఎవరివి, ఏ నియమం కింద తిరుగుతాయని అడిగాను. దేశ భద్రతకు సంబంధించిందని సెక్షన్ 8(1)(ఎ) కింద తిరస్కరించారు. మా వైపు అడవుల్లో భద్రతా దళాలు పనిచేస్తాయని తెలియనివాళ్లం కాదు. ఎక్కడికి వెళ్తున్నాయో మాకు చెప్పక్కర్లేదు. పసిపిల్లలు నిద్రలో ఉలిక్కిపడి లేస్తున్నారు, వీలైతే కాస్త పక్కగా, కాస్త ఎత్తుగా వెళ్లమన్నదే మా విన్నపం. 30 రోజుల లోపల మొదటి అప్పీలు పెట్టాను.

వచ్చిన కాగితాలు అర్థం కాక విమానాశ్రయం గేటు దగ్గరికి వెళ్లాను. లోపలికి రానివ్వరనుకున్నాను. నిజంగానే రానివ్వలేదు. కానీ అక్కడ పనిచేసే ఒక పెద్దాయన బయటికి వచ్చి చెట్టు కింద నిలబడి అరగంట మాట్లాడారు. మా వీధి పేరు చెప్పగానే ఆయన మొహం మారింది.

"ఆ చికెన్ షాపులున్న వీధేనా మీది?"

"అవునండీ."

"ఆదివారం మీ వీధి మీద గద్దలు ఎన్ని తిరుగుతాయో ఎప్పుడైనా చూశారా, మావుసీ? మీకు విమానం భయం. విమానానికి ఆ గద్దల భయం."

పక్షులు విమానాన్ని ఢీకొట్టేది ఎక్కువగా దిగేటప్పుడూ ఎగిరేటప్పుడూ, నేలకు దగ్గరగా ఉన్నప్పుడేనట. గద్ద ఎండ ఎక్కాక వేడిగాలి పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పైకి లేస్తుంది, సరిగ్గా మేం కొలిచిన వంద, నూట ఇరవై మీటర్ల దాకా తేలిగ్గా. విమానాశ్రయం నుంచి పది కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా పశువులను కోయడం, చెత్త, మాంసం వ్యర్థాలు పారేయడం నిషేధం అని 1937 విమాన నియమాల్లో 91వ నియమం చెప్తోంది. ఆయన దాని నకలు చూపించారు. దాన్ని పట్టుకుని నిలబడితే నాకు మా వీధి చివరి కాలవ కళ్లముందు కనబడింది. ప్రతి ఆదివారం మేమే అక్కడ కోడి కొనుక్కుంటాం. పేగులు, ఈకలు ఆ కాలవలోకే పోతాయి. గద్దలు కరెంటు తీగల మీద వరుసగా కూర్చుంటాయి. 19 ఏళ్లుగా చూస్తున్నదే. విమానం దిగే దారి అదేనని ఒక్కరోజూ కలిపి ఆలోచించలేదు.

ఇంటికొచ్చి చెప్తే మామయ్యగారు మాట్లాడకుండా పాత కాలెండర్ వెనక వైపు గళ్లు గీశారు. ఆయన బ్యాంకులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు, లెక్క రాయడం ఆయనకు ఊపిరి. మర్నాటి నుంచి రోజూ ఉదయం పదిన్నరకు డాబా ఎక్కి ఆకాశంలో, తీగల మీద కనబడే గద్దల్ని లెక్కపెట్టి రాశారు. మొదటి ఆదివారం 37. బుధవారం 11. తర్వాతి ఆదివారం 41.

మూడో అర్జీ వేరే ఆఫీసుకు. ఈసారి రాయడం తేలికైంది, ఎందుకంటే అంకెలున్నాయి, ఫోటోలున్నాయి, నియమం నంబరుంది. సంతకాలు పెట్టించడమే కష్టమైంది. విమానం మీద ఫిర్యాదుకు 46 మంది పెట్టారు, మన కాలవ మీద అర్జీ అనేసరికి 19 మందే. షాపులు మూయిస్తారేమోనని భయం. మూడు చికెన్ షాపుల్లో రెండు మనవాళ్లవే. వాళ్లలో పార్వతీపురం నుంచి వచ్చిన షాపు అన్నయ్య దగ్గరికి నేనే వెళ్లాను.

"చెల్లెమ్మా, నా పొట్ట మీద కొట్టకు" అన్నాడు, కత్తి పక్కన పెట్టి.

"నీ షాపు మూయించడానికి కాదన్నయ్యా. ఈ పేగులు కాలవలో పడకూడదు, అంతే."

"మరెక్కడ పడేయమంటావ్? చెత్త బండి పొద్దున్న ఏడింటికి వచ్చి పోతుంది. మా వ్యాపారం మొదలయ్యేదే ఎనిమిదికి. సాయంత్రం దాకా ఉంచితే కంపు. కాలవ కాక ఇంకేం దారుంది?"

ఆయన అన్నది న్యాయం. మేం ఆయన్ని తప్పు పట్టడానికి వెళ్లినట్టుందిగానీ, ఆయనకు వీలున్న దారి ఎవరూ చూపించలేదు. అర్జీ మార్చి రాశాం. మూత ఉన్న పెద్ద డబ్బాలు మూడు, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు బండి ఇంకోసారి. షాపులవాళ్లు కూడా సంతకం పెట్టారు. ఆఫీసు చుట్టూ ఏడు సార్లు తిరిగాను. ఒకసారి కాగితం దొరకలేదన్నారు, ఒకసారి డబ్బాలు లేవన్నారు. నాలుగోసారి మామయ్యగారు కూడా వచ్చి తన కాలెండర్ టేబుల్ మీద పరిచారు. ఆ కుర్చీలోని యువకుడు గళ్లన్నీ వేలు పెట్టి చదివాడు. ఆదివారాలన్నీ కుప్పగా ఎక్కువ ఉండటం ఎవరూ చెప్పకుండానే అతనికి కనబడింది. దసరా ముందు డబ్బాలు వచ్చాయి. బండి మాత్రం దీపావళి దాటాక మొదలైంది.

బండి వచ్చిన మొదటి ఆదివారం 29. తర్వాత 22. తర్వాత 16. ఒక ఆదివారం మళ్లీ 33 అయితే ఏమిటా అని చూశాం. పక్క వీధిలో పెళ్లి, విస్తరాకులు ఖాళీ స్థలంలో పడేశారు.

ఇంకొకటి చెప్పాలి, మా ఇంటిదే. మరిది పైన ఇంకో అంతస్తు వేసి, దాని మీద నీళ్ల ట్యాంకు, ఇనుప టవర్ పెట్టాలనుకుంటున్నాడు. ఇంతకు ముందైతే మేస్త్రీని పిలిచి మొదలుపెట్టేసేవాళ్లం. విమానాశ్రయాల చుట్టూ కట్టడాల ఎత్తుకు 2015 నుంచి నియమాలున్నాయి, విమానాశ్రయ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్‌లో అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ) ఇస్తుంది. మా ఇల్లు ఆ పరిమితికి చాలా కిందే ఉంటుందని నా అంచనా. అయినా దరఖాస్తు పెట్టకుండా ఇటుక దింపనివ్వనని చెప్పాను. మరిది కొన్ని రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నిన్న తనే స్థలం అక్షాంశ రేఖాంశాలు ఎలా తీయాలని అడిగాడు.

అత్తయ్యగారు ఇంకా విమానం వేళకు డాబా ఎక్కరు. పిల్లలు మాత్రం ఎక్కుతున్నారు. చప్పుడు వినబడగానే ఫోన్ తీసి, వెదురు కర్ర లెక్కతో ఎంత ఎత్తో నోటితోనే చెప్పేస్తున్నారు. హెలికాప్టర్ల మీద పెట్టిన అప్పీలుకు గడువు 30 రోజులు, కారణం రాస్తే 45. ఈ నెల 20తో 45 పూర్తవుతాయి.

ఈ ఆదివారం మామయ్యగారి లెక్క 14. మధ్య షాపు ముందున్న డబ్బా మూత విరిగింది, కాకులు లాగేస్తున్నాయి. సోమవారం పొద్దున్న మళ్లీ ఆఫీసుకు వెళ్లాలి.